పన్ను పడని లాభం

మేఘన నానిన మినప్పప్పు పొట్టు కడుగుతుండగా చైర్మన్ లక్ష్మీనరసింహంగారు ఫోన్ చేశారు. తెనాలి, బాపట్ల, రేపల్లె మినుము రైతులు షేర్లు వేసి పెట్టుకున్న కంపెనీకి ఆమె అకౌంటెంటు. ఈ ఏడు కూడా లాభంలో వాటా, అదే డివిడెండు, ఇవ్వరాదని చైర్మన్‌గారు చారిత్రక నిర్ణయం తీసుకున్నారట. ఇస్తే సభ్యులు దానిమీద పన్ను కట్టాలి. రైతు పన్ను కడుతుంటే ఆయన చూడలేరు. ఆ సొమ్ము కంపెనీలోనే ఉంటే షేరు విలువ పెరుగుతుంది, అమ్మేదాకా పన్నూ ఉండదు.

ఈ సూత్రం ఆయనకు నేర్పింది మేఘనే. బి.కాం.లో ఆ పాఠానికి పదికి తొమ్మిది తెచ్చుకుంది. ఆ తొమ్మిదీ కంపెనీకి ధారపోసింది.

తెనాలి మహాసభలో వంద రూపాయల షేరు మూడొందల నలభై అయిందని తెరమీద చూపించింది. చప్పట్లు మోగాయి. మిగులుతో కొన్న చైర్మన్‌గారి కారు కూడా ఆ విలువలో భాగమేనని చెబితే ఇంకా మోగాయి. కొల్లిపర రైతు ఆదాము మాత్రం లేచాడు.

"డివిడెండిస్తే నాకెంత పన్ను పడేదమ్మా?"

మేఘన లెక్కేసింది. సున్నా. పన్ను పడేంత ఆదాయం లేదు కాబట్టి హాల్లో రైతులందరిదీ సున్నాయే. ముప్పై శాతం పన్ను కట్టేవారు ఒక్కరే, ఆయన మెడలో దండలున్నాయి. ఆ మాట మర్యాద కాదనిపించి, "సూత్రం సూత్రమే బాబాయ్," అంది. తన తెలివికి తనే మురిసిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమెను అభినందించడానికి చైర్మన్‌గారు ఆ కారులోనే రేపల్లె దగ్గరున్న వాళ్ల ఊరు వచ్చారు. మేఘన తల్లి ఈశ్వరమ్మ కాఫీ ఇచ్చి నిలబడింది. ఎకరం కౌలుకు మాట్లాడుకుంది, ఇవాళే ముప్పై వేలు కట్టాలి. లేకపోతే ఆ చేను వేరేవాళ్లకు పోతుంది, ఈ ఏడూ ఆమెకు కూలిపనే. ఆమె దగ్గర కంపెనీ షేర్లు రెండొందలున్నాయి.

"అన్నయ్యగారూ, మూడొందల నలభై వద్దులెండి. షేరు రెండొందల లెక్కన మీరే తీసుకోండి."

చైర్మన్‌గారు నిజంగానే ఆశ్చర్యపోయారు.

"డివిడెండు రాని షేరు ఎవరైనా కొంటారా చెల్లెమ్మా?"

మేఘన వివరించబోయి ఆగింది. ఆమె చదివిన పాఠంలో కొనేవాడు ఎప్పుడూ సిద్ధంగానే ఉండేవాడు. లేనప్పుడు ఏం చేయాలో అందులో లేదు. బహుశా పదో మార్కు అక్కడే పోయుంటుంది.

వీధిలో కూలీల ఆటో హారన్ కొట్టింది. ఈశ్వరమ్మ కొడవలి, అన్నం క్యారియరు తీసుకుని వెళ్లి ఆటో ఎక్కింది.