బుగ్గ మీద గ్రాఫు

జబ్బు నయం చెయ్యడం మోటు పనండీ! నాగరికులు జబ్బును చూస్తారు. నెలనెలా చూస్తారు. మెషీన్ పెట్టి మరీ చూస్తారు. నమ్మకం కుదరకపోతే సత్యకుమారి సంగతి వినండి.

ఆమెది అరకు దాటాక కొండ మీద పదిహేను గడపల ఊరు. రెండు నెలల కూతురికి ఎడమ కంటి కింద ఎర్రటి రక్తపు మచ్చ. పుట్టినప్పుడు కందిగింజంత ఉండేది. చూస్తుండగానే రూపాయి బిళ్ళంత అయి, ఉబ్బి, రెప్పను పైకి నెట్టసాగింది.

"కన్ను మూసుకుపోతే చూపు రాదు, బేగి తీసుకెళ్ళు," అంది ఊరికి వచ్చే నర్సు ఉమామహేశ్వరి.

సత్యకుమారి పాపను గుండెకు కట్టుకుని కొండ దిగి, జీపెక్కి పెద్దాసుపత్రికి చేరింది. అక్కడ కొత్త కెమెరా! సూది లేదు, కోత లేదు, నొప్పి లేదు. బుగ్గ మీద వెలుతురు వేస్తే చాలు, చర్మం కింద రక్తం ఎంత పారుతోందో స్క్రీన్ మీద రంగుల్లో కనిపిస్తుంది. మెషీన్ గొప్పదే, ఒక్క అబద్ధమాడదు.

"పెరుగుతోందమ్మా!" అన్నాడు టెక్నీషియన్ తరుణ్, సంబరంగా.

"అది నాకూ అగుపడతంది బాబూ. మందేటి?"

"మందు పిల్లల డాక్టరు రాయాలి, ఆ కుర్చీ ఖాళీ. నాది కెమెరా వరకే. వచ్చే నెల రండి."

వచ్చే నెల పద్దెనిమిది శాతం పెరిగింది. ఆ పై నెల ముప్పై ఒకటి! రివ్యూ మీటింగులో చప్పట్లు. జిల్లాలో అన్ని గ్రాఫులూ కిందికి జారుతుంటే పైకి పోతున్నది ఇదొక్కటే మరి! ఆసుపత్రి గేటు దగ్గర పాప బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. ఎడమ కన్ను సగం మూసుకుపోయి ఉంటే, పాప కన్ను కొడుతోందనుకుని కింద "నొప్పి లేదోచ్!" అని రాయించారు.

నాలుగోసారి సత్యకుమారి మళ్ళీ మందు అడిగింది.

"ఇప్పుడు మందేస్తే తగ్గిపోతుందమ్మా! ఇన్నాళ్ళ డేటా పాడైపోదా?" అన్నాడు తరుణ్.

నిజమే కదా! ఒక కన్ను కోసం అంత అందమైన గీతను పాడుచేస్తామా?

తిరుగు జీపులో సత్యకుమారి పాప కుడికన్ను అరచేత్తో మూసి, ఎడమకంటి ముందు వేలు ఆడించింది. పాప చూపు కదల్లేదు. ఆమె ఏడవలేదు గానీ, ఇంటికి చేరేలోగా ఒక నిర్ణయానికి వచ్చేసింది.

ఐదో నెల ఆమె రాలేదు.

గ్రాఫులో ఐదో చుక్క లేదు! ఫోన్లు మోగాయి. మూడో రోజున జీపు బయల్దేరింది. కొండ సగంలో అది మొరాయిస్తే, ఆసుపత్రి ఆఫీసరు బూట్లు చేత పట్టుకుని, తరుణ్ కెమెరా పెట్టె నెత్తిన పెట్టుకుని ఎక్కారు. ఫొటోలో నిండుగా ఉంటుందని సిటీ నుంచి ఒక పిల్లల డాక్టరును కూడా వెంటబెట్టుకొచ్చారు.

సత్యకుమారి పాప మొహం మీద కొంగు కప్పి గుమ్మంలో కూచుంది.

"ఒక్క ఫొటో అమ్మా," అన్నాడు ఆఫీసరు, రొప్పుతూ.

"మందు తెచ్చినారా?"

"ముందు ఫొటో..."

"ముందు మందే! ఈ గుంటపిల్ల నాది, బుగ్గా నాదే. మీ కాయితం మీద సుక్క పడాలంటే నా గుంట నోట్లో సుక్క పడాల."

డాక్టరు ముందుకొచ్చాడు. కొంగు తొలగించి కన్ను చూశాడు, గుండె చప్పుడు విన్నాడు, బరువు తూచాడు. "నాలుగు నెలల కిందటే మందు మొదలుపెట్టాల్సింది! ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అని ఆఫీసరు మీద మండిపడ్డాడు.

"చూస్తున్నాం సార్," అన్నాడు ఆఫీసరు వినయంగా.

డాక్టరు రోజూ తాగించే మందు రాసి, ఉమామహేశ్వరికి జాగ్రత్తలు చెప్పి, ఆ సాయంత్రమే సిటీకి వెళ్ళిపోయాడు.

రెండు నెలల్లో మచ్చ చప్పబడి, పాలిపోయింది. రెప్ప విచ్చుకుంది. పాప ఇప్పుడు ఎడమకంటితోనూ తల్లి గాజుల్ని వెతికి పట్టుకుంటోంది. కెమెరా ఆ సంగతీ నిజాయితీగానే చెప్పింది. గ్రాఫు కిందికి పడింది.

రివ్యూ మీటింగులో విషాదం! "వృద్ధి ఎందుకు తగ్గింది?" అని తరుణ్‌కు మెమో ఇచ్చారు.

అయ్యా, ఆఫీసరు గారూ, ఒక చిన్న మనవి. మీ కెమెరా ప్రస్తుతం ఖాళీగానే ఉంది కనుక, ఆసుపత్రిలో పిల్లల డాక్టరు కుర్చీ వైపు ఒకసారి తిప్పి చూడండి. నెత్తురు పారే మనిషి జాడ అందులో ఏ మూలైనా తగులుతుందేమో!