మా పరిశీలకుడు గారు

నన్ను ప్రభుత్వం చూస్తోంది. మీరు కుళ్ళుకుంటే కుళ్ళుకోండి, ఈ మాట పైకి చెప్పుకోవడానికి నాకు మహా గర్వంగా ఉంది!

ఇన్నేళ్ళుగా కాలమ్ రాస్తున్నాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివినవాళ్ళు ఎందరో నాకు తెలియదు. మా ఎడిటరే సగంలో ఆవులిస్తాడు. అలాంటిది, నేను రాసి కొట్టేసిన వాక్యాలు కూడా వదలకుండా చదివే మనిషిని సర్కారువారు తామే వెతికి పెడితే కాదంటానా?

మూడు నెలల కిందట ఒక ఉదయం కంప్యూటర్ తెరవగానే తెర నిండా ఒక ప్రకటన కనిపించింది. ఇకమీదట మనం పంపే మెయిళ్ళూ, వెతికే మాటలూ దేశ క్షేమం కోసం పరిశీలిస్తారట. కింద ‘అంగీకరిస్తున్నాను’ అని ఒక బటన్ ఉంది. ‘అంగీకరించను’ అనే బటన్ ఎక్కడుందా అని చూశాను. లేదు. ఎంత దయ! ఆలోచించే శ్రమ కూడా మనకు పెట్టలేదు. వెంటనే నొక్కేశాను. దాచుకోవడానికి మన దగ్గర ఏముంది గనక?

ఇలాంటి వ్యవహారంలో ఆరితేరినవారు మా మామగారు. ఆయన సర్వీసంతా తపాలాఫీసు వెనక గదిలోనే గడిచింది. అనుమానం తగిలిన ఉత్తరాలను ఆవిరి పట్టి విప్పడం, చదవడం, మళ్ళీ ఏమీ ఎరగనట్టు అంటించడం ఆయన పని. రిటైరై పన్నెండేళ్ళయినా, ఎవరైనా కవరును పరపరా చింపితే ఇప్పటికీ ఆయన ప్రాణం ఉసూరుమంటుంది.

సలహా అడిగితే, ముందు చదివేవాడి కష్టం చూడమన్నారు. అన్నిటికన్నా తలనొప్పి హాస్యంతోనేనట. అర్థం కాని జోకు ఎదురైతే వాళ్ళ సెక్షన్లో దాన్ని తీసుకెళ్ళి అనుమానాస్పదం ఫైల్లో పడేసేవారట.

“జోకు వేస్తే వేశారు, కింద ఇది జోకు అని ఒక ముక్క రాయండి అల్లుడుగారూ. పాపం, వాడికీ పైన ఒక ఆఫీసరుంటాడు,” అన్నారు.

ఆనాటి నుంచి మా ఇంట్లో అదే ఆనవాయితీ. మా ఆవిడ వాళ్ళక్కకు మెయిల్ రాస్తుంటే నేను పక్కన కుర్చీ వేసుకుని వివరణలు చేర్చేవాడిని. “ఈయనతో వేగలేక చస్తున్నాను” అని ఆమె రాసింది. “పై వాక్యం హాస్యం” అని నేను చేర్చాను. హాస్యమేగా అని అడిగితే, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది.

కత్తి కొందామని వెతికిన రోజున, మా పరిశీలకుడు గారు కంగారుపడతారేమోనని వెనువెంటనే వంకాయ, బెండకాయ, సొరకాయ అని కూడా వెతికాను. ఎలుకల మందు గురించి వెతికినప్పుడైతే, మా వంటింటి ఎలుకను ఫోటో తీసి, నాకు నేనే ఒక మెయిల్ రాసుకుని జతచేశాను. అది కుదురుగా నిలబడడానికి రెండు రోజులు పట్టింది. బట్టతల మందుల దగ్గర మాత్రం కాస్త మొహమాటపడి, ఒక స్నేహితుడి కోసం అని రాశాను. మర్నాటి నుంచి తెర మీద విగ్గుల ప్రకటనలు మొదలయ్యాయి. అంటే ఎవరూ నమ్మలేదన్నమాట!

ఆ మధ్య జ్వరమొచ్చి రెండు రోజులు కంప్యూటర్ జోలికి పోలేదు. చుట్టాల్లో ఒక్కరూ ఎలా ఉన్నావని అడిగిన పాపాన పోలేదు. మా పరిశీలకుడు గారు మాత్రం తప్పకుండా గమనించే ఉంటారు. ఇంత పట్టించుకునే మనిషి మీకెవరున్నారు చెప్పండి?

ఒక్కటే లోటు. అక్కాచెల్లెళ్ళ మెయిళ్ళు చప్పబడిపోయాయి. ఇరవై ఏళ్ళుగా పేజీలకు పేజీలు రాసుకున్నవాళ్ళు, “ఇక్కడ ఎండగా ఉంది”, “ఇక్కడ మబ్బుగా ఉంది” అనే దగ్గరికొచ్చారు. వివరణ రాయడానికి నాకు పనే లేకుండా పోయింది. పైగా మా ఆవిడ ప్రతి గురువారం రెండు బస్సులు మారి అక్క ఇంటికి వెళ్ళిరావడం మొదలుపెట్టింది. మెయిల్లో తేలిపోయే దానికి ఇంత హైరానా ఎందుకని విసుక్కున్నాను కూడా.

మొన్న గురువారం అక్కను వెంటబెట్టుకుని వచ్చి, ఆసుపత్రి కాగితం ఒకటి నా చేతిలో పెట్టింది.

మూడు నెలల కిందట తనకు రొమ్ములో గడ్డ తగిలిందట. అదేమిటో తెలుసుకుందామని కంప్యూటర్లో వెతకలేదు. అక్కకు రాయలేదు. నాకు చెప్పలేదు. కొన్ని వారాలు ఒక్కతే భయపడి, ఆఖరికి బస్సెక్కి వెళ్ళి అక్క చెవిలో చెప్పిందట. అక్కే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి పరీక్షలు చేయించింది. ప్రమాదమేమీ లేదని కాగితంలో ఉంది. అది నాలుగుసార్లు చదివాను. నాకెందుకు చెప్పలేదని అడిగాను.

“నాన్న చదువుతాడని చిన్నప్పుడు మేమిద్దరం డైరీ కూడా రాసుకోలేదు. మీ ఇంటికొచ్చాకే కదా నేను నోరు విప్పింది. ఇప్పుడు మీకు చెప్తే, మీరెళ్ళి ఆయనెవరికో విడమరిచి చెప్తారు,” అంది.

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ బాధేసింది.

మూడు నెలలు మా ఇంట్లో ప్రతి అక్షరమూ చదివిన పెద్దమనిషికి బోలెడంత ఎండా, మబ్బూ, కూరగాయలూ దొరికాయి. మా ఆవిడ భయం దొరకలేదు. ఆయనకు నమ్మినబంటులా పక్కనే కూర్చున్న నాకూ దొరకలేదు. నాకు సిగ్గేసింది. ఆయనకు వేస్తుందో లేదో తెలియదు.

ఇక్కడిదాకా రాయడానికి మా ఆవిడ ఒప్పుకుంది. ఆ సాయంత్రం వంటింట్లో కూర్చుని, చాలా రోజుల తర్వాత, నాతో చాలాసేపు మాట్లాడింది.

ఏం మాట్లాడిందంటారా? మీకెందుకండీ?