హామీ సంతకం పెట్టండి, ఆస్తిపరులవండి!

ఎవరైనా అప్పు కాగితం మీద హామీ సంతకం అడిగితే వెంటనే పెట్టెయ్యండి. చదవకండి! చదివితే పెట్టరు. పెట్టకపోతే జీవితాంతం ఎవరికీ అక్కర్లేని మనిషిగా మిగిలిపోతారు. నేను అలా మిగిలిపోయేవాణ్ణే. అదృష్టం, కళ్లద్దాలు మర్చిపోయాను.

పదేళ్లుగా కోర్టు గేటు ఎదురుగా మడత బల్ల వేసుకుని జనం అప్పు కాగితాలు ఉచితంగా చదివిపెడుతున్నాను. లా కాలేజీ మొహం చూడలేదు. పాత పుస్తకాల కొట్లో కొన్న మూడు పుస్తకాలే నా చదువు. అందులో ఒకదానికి మొదటి అధ్యాయం లేదు. బల్లకు అట్టముక్క కూడా కట్టాను: 'చదవకుండా సంతకం పెట్టే మూర్ఖులకు ఇక్కడ సలహా ఇవ్వబడదు.' ఎర్ర రంగుతో, నా చేత్తో రాసింది.

ఓ రోజు మా బావమరిది ఆ బల్ల దగ్గరికే వచ్చాడు. డెలివరీ వ్యాన్ కొంటున్నాడు. "బావా, షోరూం మూసేస్తారు, తొందరగా కానీ!"

జేబు తడుముకున్నాను. కళ్లద్దాలు లేవు. ఎదురుగా క్యూలో నలుగురు. వాళ్ల ముందు 'కనబడట్లేదు' అంటే నా పరువేం కావాలి? తీరిగ్గా పేజీలు తిప్పాను. గడ్డం నిమిరాను. రెండు చోట్ల 'ఊఁ' అని కూడా అన్నాను. పద్దెనిమిది పేజీలు. పద్దెనిమిది సంతకాలు.

"భయపడకు. వాయిదాలు తప్పితే బండి పట్టుకుపోతారు. బండి పోతే అప్పూ పోయినట్టే" అని తీర్పు కూడా చెప్పేశాను. పదేళ్లుగా అందరికీ చెబుతున్న ముక్కే మరి!

లోడ్లు ఆగిపోయాయి. బండి పోయింది. అప్పు మాత్రం పోలేదు. ఫైనాన్స్ కంపెనీ బండిని సగం ధరకు వేలం వేసి, మిగతా బాకీకి నా మీద పడింది. దీన్నే రికోర్స్ అంటారట. తాకట్టు వస్తువు అమ్మినా బాకీ తీరకపోతే, అప్పు తీసుకున్నవాడి మిగతా ఆస్తినీ, హామీ ఉన్నవాడి ఆస్తినీ పట్టుకునే హక్కు. బహుశా ఆ మొదటి అధ్యాయంలో ఉండి ఉంటుంది!

అయితేనేం, ఎంత గౌరవం! నా సొంత తమ్ముడు ఫోన్ చేసి ఏడాదైంది. వసూలు ఏజెంటు రోజుకు ఆరుసార్లు చేస్తున్నాడు. "సార్, ఊళ్లోనే ఉన్నారు కదా సార్?" నా మీద ఇంత బెంగ ఎవరికుంది? మా మామగారు పోయేదాకా నన్ను ఏమీ లేనివాడిగానే లెక్కేశారు. ఓ కంపెనీ నన్ను ఆస్తిపరుడని నమ్మింది! వరం కాక ఇదేంటి?

సోమవారం ఆ ఏజెంటు ఇంటికే వచ్చాడు, సామాన్ల జాబితా రాసుకోవడానికి. ముందు గదిలో మా ఆవిడ కుట్టుమిషన్. ఇల్లు గడిచేది దాని మీదే, నా ఉచిత సలహాల మీద కాదు. అతని పెన్ను దాని దగ్గర ఆగింది. 

"ఆగు నాయనా" అంది మా ఆవిడ, కత్తెర కింద పెట్టకుండా. "మిషన్ బిల్లు నా పేరు మీద ఉంది. నేనెక్కడా సంతకం పెట్టలేదు. అసలు కోర్టు కాగితం తెచ్చావా?"

ఆ ప్రశ్న నేను అడగాల్సింది! 

"మరి సార్ పేరు మీద ఏముందమ్మా?"

"ఆ మడత బల్ల."

రాసుకున్నాడు.

"మీ తమ్ముడి కోసమే కదా పెట్టాను" అని గొణిగాను.

"వాడికి బుద్ధి లేదని వాడు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మీకు లేదని ఇప్పుడే తెలిసింది."

రోషం వచ్చింది. ఏజెంటు మీద పడ్డాను. "బండి సగం ధరకు ఎవరికి అమ్మారయ్యా? మాకు ఒక్క మాటైనా చెప్పారా? ఇది అడగడానికి మాకేమీ దారి లేదా?"

"పదకొండో పేజీ చూడండి సార్. వేలం ధర గురించి అడగనని మీరే సంతకం పెట్టారు."

చూశాను. నిజమే. నేను 'ఊఁ' అన్న పేజీల్లో అదొకటి అనుకుంటా. వాళ్లు నా బల్ల దాకా రావచ్చు. నేను వాళ్ల గుమ్మం దాకా పోకూడదు!

ఏజెంటు వెళ్లాక మా ఆవిడ కాగితాలు లాక్కుని, వేలు పెట్టి ప్రతి పేజీ చదివింది. చివరికి తలెత్తింది.

"మీ సంతకాలు పద్దెనిమిది ఉన్నాయి. వాళ్లది ఎక్కడ? అది లేకపోతే ఈ కాగితం చెల్లుతుందా?"

ఇద్దరం వెతుకుతున్నాం. కళ్లద్దాలు పెట్టుకునే.