నూట పన్నెండో గడి

బడి అనేది పిల్లల కోసం పెడతారన్న అపోహ కొందరిలో ఇప్పటికీ ఉంది. ఆ కొందరిలో లిఫ్టు మెకానిక్ ఒకడు. (మూడున్నరేళ్ల కూతురుండి కూడా అతనికి ఆ భ్రమ పోలేదు.)

అప్పటికే ఐదు బళ్లు ఆ పాపని కాదన్నాయి. ఒకటి వయసు పద్దెనిమిది రోజులు తక్కువంది. ఇంకొకటి అదే వయసు పదకొండు రోజులు ఎక్కువంది. మిగతా మూడూ కారణం చెప్పే ఆచారం తమకు లేదని ఎంతో మర్యాదగా చెప్పాయి. ఇక దిక్కు ఇంటి వెనక వీధిలోని ఆరో బడే. సాయంత్రం ఆరింటి దాకా పిల్లల్ని ఉంచుకునేదీ అదొక్కటే. అక్కడ సీటు రాకపోతే, ఆసుపత్రి మందుల కౌంటర్లో పనిచేసే అతని భార్య పదేళ్ల ఉద్యోగం మానుకోవాలి. ఆ సంగతి ఆవిడ రోజూ గుర్తుచేసేది, అతను ఎన్నడూ మర్చిపోకపోయినా.

దరఖాస్తు పద్నాలుగు పేజీలు, నూట పన్నెండు గడులు. తండ్రి చదువు, తల్లి చదువు, తాతల చదువు, ఇంట్లో పుస్తకాలెన్ని, వాటిలో చదివినవెన్ని (ఇది ఐచ్ఛికం), భార్యాభర్తలు చివరిసారి గొంతు పెంచిన తేదీ. భార్య మూడు రోజులు సెలవు పెట్టి అన్నీ నింపింది. మొగుడు టీవీ వార్తల మీద వేసే చిందుల్ని 'కుటుంబ చర్చలు' కింద రాసింది. తల ప్రాణం తోకకొచ్చేసరికి ఒక్క గడి మిగిలింది: 'పాప గురించి'.

అదొక్కటీ మీరు రాసేయండి, నాకు డ్యూటీకి టైమైపోతోంది అని ఆవిడ వెళ్లిపోయింది. కొంప మునిగింది అక్కడే.

లిఫ్టు మెకానిక్కుల లోకంలో తనిఖీ పుస్తకమని ఒకటుంటుంది. అందులో గడి ఖాళీగా వదలడం నేరం. 'అంతా బాగుంది' అని రాయడం ఇంకా పెద్ద నేరం. అలా రాసినవాడు లిఫ్టు దగ్గరికే పోలేదని పైవాళ్లు తేల్చేస్తారు. ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో ఉన్నదున్నట్టు రాయాలి. పంతొమ్మిదేళ్లుగా రాస్తున్నవాడు కాబట్టి కూతుర్నీ అలాగే రాశాడు.

'నిద్ర లేవగానే పావుగంట ఏడుస్తుంది, కారణం ఇంకా తెలియలేదు. కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుంటుంది. సరిచేస్తే మళ్లీ మార్చుకుంటుంది. ప్రతిదానికీ ఎందుకని అడుగుతుంది. జవాబు నచ్చకపోతే మళ్లీ అడుగుతుంది. చీమలకి దారి వదిలి నడుస్తుంది. మరమ్మతు అవసరం లేదు.' చోటు చాలక అదనంగా ఒక కాగితం జతచేశాడు.

వారం తిరక్కుండా పిలుపొచ్చింది. గదిలో అడ్మిషన్ల అధికారిణి, పెంపకాల తనిఖీదారు, చిరునవ్వుల విభాగం ఉపాధ్యక్షుడు కొలువుదీరారు. (పాపని బయట బెంచీ మీద కూర్చోబెట్టమన్నారు. ఇంటర్వ్యూకి పిల్లలు అడ్డమని తొమ్మిదో నిబంధన.) భార్య గుక్క తిప్పుకోకుండా జవాబులన్నీ అప్పజెప్పింది. ఉపాధ్యక్షుడు ఆవిడ నవ్వుకి పదికి ఎనిమిది వేశాడు. అప్పుడు అధికారిణి ఆ అదనపు కాగితాన్ని రెండు వేళ్లతో పైకి తీసింది.

"మీ దరఖాస్తులో పాప మరీ ఎక్కువగా కనిపిస్తోందండి," అంది.

"పాప గురించే కదండీ అడిగారు," అన్నాడు మెకానిక్.

"అడగడం మా పద్ధతండి. ఇరవై రెండేళ్లలో ఎవరూ రాయలేదు."

మనిషి చెడ్డదేం కాదు. ఓపిగ్గా విడమరిచి చెప్పింది. బడి ఎంచుకునేది తల్లిదండ్రుల్ని. పిల్లలు వాళ్ల వెంట ఎలాగూ వస్తారు. ఒక పిల్ల రోజంతా ఎందుకని అడుగుతుందని ముందే కాగితం మీదికి ఎక్కితే, ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల అడగడం మానేసినప్పుడు ఎందుకు మానేసిందని బడిని నిలదీసే వీలుంటుంది. అంచేత కొత్త కాగితం ఇస్తారు. ఆ ఒక్క గడీ ఇక్కడే సరిచేసిస్తే సీటు ఖాయం.

భార్య అతనివైపు చూసింది. బల్ల మీది పెన్ను అతని ముందుకి జరిపింది. బయట పాప వాచ్‌మన్‌ని ఈ గేటుకి తాళం ఎందుకని అడుగుతోంది. అతనేదో చెప్పాడు. పాప మళ్లీ అడిగింది.

మెకానిక్ పెన్ను తీసుకున్నాడు. ఖాళీగా వదిలేద్దామంటే చెయ్యి రాలేదు. కూతురి పేరుకి ఎదురుగా 'గమనించదగినది ఏమీ లేదు' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు.

అధికారిణి చదివి, ఎంతో సంతోషించింది.

"ఇప్పుడు అచ్చం మా బడి పిల్లలాగే ఉందండి," అంది.