పదకొండు ఎర్రాకులు

నడుమ వాగు పారే ఒక పెద్ద అడవిలో, సరిగ్గా ఆ వాగు గట్టునే ఆసుపత్రి కట్టారు, నీళ్లకు దగ్గరగా ఉంటుందని. ఏటా వానాకాలంలో నీళ్లే ఆసుపత్రికి వచ్చేవి.

అక్కడి డాక్టర్ హనుమాయమ్మ అనే కొండముచ్చుకి ఈ ఏడు గుండెల్లో రాయి పడింది. పదకొండుమంది రోగులు, ఒక్కరూ లేచి నడవలేరు. వరదొస్తే వాళ్లను గుట్ట మీదికి మోయడానికి అడవిపందుల పటాలమే దిక్కు.

సమావేశాలు పెట్టారు. ముందు ఉత్తరం ఆసుపత్రి రాయాలా, పటాలం రాయాలా అన్నదానితో మొదటిది అయిపోయింది. రెండోదాంట్లో చిలగడదుంపలు తిన్నారు. మూడోదాంట్లో పటాలం అధికారి మేజర్ వరాహమూర్తి మీసం దువ్వాడు.

"మా జవాన్లకు రోగం తెలీదు మేడమ్. గుర్తు తెలుసు. గుర్తుంటే మోస్తారు, లేకుంటే దించేస్తారు."

"అయితే రోగుల మెడలో ఎర్ర బాదం ఆకు కడతాను," అంది హనుమాయమ్మ. పదకొండు ఆకులు ఏరి తెచ్చింది కూడా.

ఇంతలో అడవి కార్యదర్శి పద్మనాభం అనే నక్క దిగబడ్డాడు. "ముందు ఉత్తుత్తి వరద పెట్టి డ్రిల్లు చేద్దామమ్మా. చూడ్డానికి రాజావారు పులిగారొస్తున్నారు. మీ రోగులైతే దగ్గుతారు, మూలుగుతారు, బాగుండదు. మా ఆఫీసువాళ్లు చక్కగా నటిస్తారు." ఆకులన్నీ పట్టుకుపోయి, అన్నింట్లోకీ పెద్దది తన మెడలోనే కట్టుకున్నాడు.

హనుమాయమ్మకు ఒళ్లు మండింది. కానీ డ్రిల్లు లేనిదే పటాలం కదలదని ఊరుకుంది.

డ్రిల్లు రోజు ఈల మోగిందో లేదో, ఎగువన కురిసిన వానంతా ఒక్కసారిగా వాగులోకి దిగింది. ఆసుపత్రిలో నీళ్లు మోకాలిదాకా వచ్చాయి. జవాన్లు పరుగున వచ్చి, రోగుల మంచాలు దాటుకుంటూ వెళ్లి, ఎర్రాకుల నక్కల్ని గుట్టెక్కించారు.

"మేజర్‌గారూ! అసలు రోగులు ఇక్కడున్నారండీ!"

"ఆకేదీ మేడమ్?"

ఆమె ఏడుస్తూనే గుట్టెక్కింది. పైన పటాలం వైద్యులు పనిలో ఉన్నారు. "నాకేం కాలేదురా బాబూ!" అని పద్మనాభం గోల పెడుతుంటే, "మతి కూడా చలించింది," అని అతని నాలుగు కాళ్లకూ కర్రకట్లు కట్టి, ముక్కు మూసి దోసెడు వేపకషాయం పోశారు. అది చూసిన తక్కిన పదిమందీ ఆకులు తెంపి హనుమాయమ్మ చేతిలో కుక్కారు. పద్మనాభం అయితే మెడ చాచి, "ముందు నాది తీసుకో తల్లీ!" అని బతిమాలాడు.

ఆమె కొమ్మలమీదుగా ఆసుపత్రికి దూకి, రోగుల పదకొండు మెడలకూ ఆకులు కట్టింది. అంతే! మంచాలతో సహా రోగులందరూ గుట్టమీదున్నారు. వాళ్లలో పందికొక్కు ముసలమ్మకు తోకైనా తడవలేదు. హనుమాయమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, అక్కడే పిల్లిమొగ్గలు వేసింది.

అప్పుడు జవాన్లు గుట్టమీద ఆకు లేని పదకొండు నక్కల్ని చూశారు. ఆజ్ఞ ప్రకారం మోసుకెళ్లి, వాగు గట్టున నీళ్లలో దించేశారు. పద్మనాభం కర్రకట్లతో మంచంలా నిలబడి, "ఆకు! ఒక్క ఆకు!" అని కేకలు పెట్టాడు. పులిగారు ఆ నటనకు చప్పట్లు కొట్టారు.

మేజర్ వచ్చి హనుమాయమ్మకు సెల్యూట్ చేశాడు. "డ్రిల్లు బ్రహ్మాండం మేడమ్. నిజం వరదొచ్చినప్పుడు కూడా ఇలాగే చేద్దాం."

నీతి: రోగం ఒంట్లో ఉంటే చాలదు, మెడలో వేలాడాలి.