కూర్చుంటే షాపు మునుగుతుంది

కూర్చోవడమంత చెడ్డ అలవాటు మనిషికి ఇంకొకటి లేదు. బీడీ మానొచ్చు, సారా మానొచ్చు. కూర్చోవడం రుచి మరిగినవాణ్ని లేపడం ఎవరి తరం?

నా మాట నమ్మండి. సికింద్రాబాద్‌లో ఒక చీరల షాపులో ముప్పై ఏళ్లుగా ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని. సేల్స్‌గర్ల్స్ కూర్చోకుండా చూడటమే నా ఉద్యోగం. షాపు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా నా ఫ్లోర్ మీద ఒక్క మోకాలు వంగదు!

మా ఊరి బడిలో లెక్క తప్పితే పంతులు గోడ పక్కన నిలబెట్టేవాడు. పైసా ఇచ్చేవాడు కాదు. మా సేఠ్ హరికిషన్ అదే పనికి నెలనెలా జీతమిస్తాడు. ఇది అభివృద్ధి కాదంటారా?

నిలబడితే ఎన్ని లాభాలు! నిద్ర రాదు. తిన్నది అరుగుతుంది. కబుర్లు సాగవు. షోకేసులో బొమ్మల్ని చూడండి. పట్టుచీరలు కట్టుకుని ఏళ్ల తరబడి నిలబడ్డాయి. కాళ్లు గుంజుతున్నాయని ఒక్కటైనా అందా?

అలాగని షాపులో స్టూళ్లు లేవనుకోకండి. కస్టమర్‌కి ఒకటి, ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌కి ఒకటి. పాపం, ఆ బ్యాగ్ మారేడ్‌పల్లి నుంచి ఆటోలో వచ్చి అలసిపోయి ఉంటుంది.

సేల్స్‌గర్ల్స్‌కి కూడా ఆరు ఉన్నాయి. షాపుల్లో కూర్చునే హక్కంటూ ఏదో చట్టం వస్తుందని ఎవరో చెబితే, సేఠ్ భయపడి తెప్పించాడు. ప్లాస్టిక్ కవర్లు విప్పకుండా గోడౌన్‌లో పెట్టి తాళం వేశాను. ఎవరైనా తనిఖీకి వస్తే ఫ్లోర్ మీదికి, వాళ్లు పోగానే లోపలికి. నాలుగేళ్లయింది, ఇంకా కొత్త వాసనే. వస్తువుని కాపాడుకోవడమంటే ఇదీ!

పోయిన నెల వసుధ అనే అమ్మాయి షాపుకి వస్తున్నానని ఫోన్ చేసింది. యూనివర్సిటీలో పరిశోధనట. పనివాళ్లకి సెలవులు, కుర్చీలు ఇస్తే ఏమవుతుందో తేలుస్తుందట. గబగబా స్టూళ్లు వేయించి ఆరుగుర్నీ కూర్చోబెట్టాను.

అక్కడే చిక్కొచ్చింది. వాళ్లకి కూర్చోవడం రాదు! ఆమె తలుపు తోసిన చప్పుడు కాగానే ఐదుగురు లేచి నిలబడ్డారు. బ్లౌజ్‌పీసుల కౌంటర్ ఆలిస్ ఒక్కతే లేవలేదు. దానికి ఏడో నెల.

"రోజూ కూసుంటరా అక్కా?" అని వసుధ అడిగింది.

"ఆఁ, మేడం," అంది ఆలిస్, నన్నే చూస్తూ.

"మరి కవర్ తియ్యలేదేంది?"

"చినిగితే సార్ తిడ్తడు."

మిగతా ఐదుగురూ మడతపెట్టిన చీరలే మళ్లీ మడతపెడుతూ నవ్వు దాచుకున్నారు.

వసుధ నా ముందు ఫారం పెట్టింది. ఆమె తిరిగిన నలభై షాపుల్లో, కూర్చోనిచ్చిన చోట అమ్మకం తగ్గలేదట. పని మానేసేవాళ్లు తగ్గారట. "మీ అనుభవం ఏంది అంకుల్?" అంది.

అనుభవమా? ఆమెకి నలభై షాపులు. నాకు ఒక్క మనిషి.

నా భార్య దేవమ్మ. ఆలిస్ ఇప్పుడున్న కౌంటర్‌లోనే పద్దెనిమిదేళ్లు నిలబడింది. ఉద్యోగం ఇప్పించింది నేనే. సూపర్‌వైజర్ పెళ్లాం కూర్చుంటే మిగతావాళ్లు ఊరుకుంటారా? అందుకని అందరికంటే ఆమె మీదే ఎక్కువ కన్నేసి ఉంచేవాణ్ని. నా న్యాయం అంతటిది! కొంగలా కాలు మార్చి కాలు మీద నిలబడేది. "జెర కూసుంట, గిరాకీ లేదు గద," అనేది. "షాపు మునుగుతది," అనేవాణ్ని. ఇంటికెళ్లాక కాళ్లు గోడకి ఆనించి పడుకునేది. నేను టీవీ చూసేవాణ్ని. కూర్చునే.

కాళ్లలో నరాలు ఉబ్బాయి. పుండ్లు పడి, ఆ విషం ఒంటికెక్కింది. చివరికి ఆస్పత్రిలో మంచమిచ్చి నర్సు పడుకోమంటే, "పండుడు తర్వాత బిడ్డా. ముందుగాల జెర కూసోనియ్యి," అంది. నా వైపు చూస్తూ అంది. నర్సు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మంచం మీంచి మళ్లీ లేవలేదు.

ఇదంతా రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు. 'స్టూళ్లు ఇస్తే వ్యాపారం దెబ్బతింటుంది' అన్నదాని పక్కన టిక్కు పెట్టి ఇచ్చేశాను.

వసుధ వెళ్లగానే, అలవాటు ప్రకారం స్టూళ్లు లోపలికి పంపాను. ఐదు వెళ్లాయి. ఆరోదాని మీద ఆలిస్ ఉంది.

"లే."

"లేవ సార్. పనిలకెల్లి తీసేస్తరా, తీసెయ్యుర్రి. కాళ్లు రాయిలెక్క అయినయ్."

"గిరాకీ వస్తే?"

"వస్తే లేస్తా. పారిపోతనా?"

గల్లా దగ్గర్నుంచి సేఠ్ కేకేశాడు. "ఏందయ్యా బిక్షం, ఏం లొల్లి?"

"ఏం లేదు సేఠ్," అన్నాను.

ముప్పై ఏళ్లలో డ్యూటీలో నేను చేసిన మొదటి తప్పు అది. రెండోది, ఆలిస్ నీళ్లకని లేచినప్పుడు ఆ స్టూల్ కవర్ పీకి చెత్తబుట్టలో వేయడం.

అప్పట్నుంచీ కాపలా కాస్తున్నాను, షాపు ఎప్పుడు మునుగుతుందా అని. ఆలిస్‌కి ఎనిమిదో నెల వచ్చింది. కూర్చునే బ్లౌజ్‌పీసులు అమ్ముతోంది. గిరాకీ తగ్గలేదు. కార్ఖానా ఏరియా నుంచి వచ్చే ఒకావిడైతే, "లేవకు బిడ్డా, కూసోనే సూపియ్యి," అని రెండు పీసులు ఎక్కువే తీసుకుంది. సేఠ్ చూశాడు. ఏమీ అనలేదు. ఇన్నేళ్లూ ఆయన ఏమంటాడో అని నేనే అంటూ వచ్చాను.

అందుకే చెబుతున్నాను, ఇలాంటి పరిశోధనలన్నీ వెంటనే నిషేధించాలి! షాపు మునిగి ఉంటే నాకెంత బాగుండేది! అంత అక్కర్లేదు, ఒక్క కస్టమర్ మొహం చిట్లించి వెనక్కి వెళ్లినా చాలు. ఇంటికెళ్లి దేవమ్మ ఫోటో ముందు, "చూసినవా, నేను చెప్పలే?" అనేవాణ్ని.

ఒక్కరూ వెళ్లలేదు.

రోజూ ఆ ఫోటో ముందు నిలబడుతున్నాను. కూర్చోమని మాత్రం అనదు.