అత్తగారి సూది, గేటు సైరన్

అత్తగారికి ఎముకల స్కాన్ చేయించి, ఆవిడను ఇంటి దగ్గర దింపి ఆఫీసుకు వెళ్లాలన్నది ఆ ఉదయం అల్లుడి ఏర్పాటు. ఆయన అణు పరిశోధన సంస్థలో దత్తాంశ విభాగానికి పెద్ద. ఏ పదార్థం ఎంతసేపట్లో సగానికి తగ్గుతుంది, ఎలాంటి కిరణాలు వదులుతుంది అన్న అంకెలు సరిచూసి పట్టికలు వేయడం ఆ విభాగం పని. ఆ అంకెలు ఎవరికైనా అక్కరకొస్తాయా, లేక విభాగాన్నే ఎత్తేయాలా అని తేల్చడానికి ఆ రోజే కమిటీ వస్తోంది.

ఆసుపత్రిలో ఆలస్యమైంది. "మా ఆఫీసులో కాసేపు కూర్చోండి అత్తయ్యా, మీటింగ్ కాగానే వెళ్దాం," అని ఆవిడను గేటు దగ్గర దింపి, కారు పెట్టి రావడానికి వెళ్లాడు. స్కాన్ కోసం ఎక్కించింది రేడియేషన్ మందేనని, గేటులో ఉన్నది దాన్ని పసిగట్టే యంత్రమేనని, రోజూ ఆ లెక్కల్లోనే మునిగితేలే మనిషికి ఆ పూట తట్టనే లేదు.

అత్తగారు కాలు పెట్టగానే సైరన్ మోగింది.

ఆవిడ ఇలాంటి గేట్లు విమానాశ్రయంలో చూసి ఉన్నారు. తొణక్కుండా గాజులు తీశారు. మోగింది. కళ్లజోడు తీశారు. మోగింది. చివరికి అటు తిరిగి కట్టుడు పళ్లు కూడా తీసి రుమాలులో చుట్టారు. అయినా మోగింది.

"పొద్దున ఏమైనా జరిగిందా అమ్మా?" అన్నాడు గార్డు.

"సూదేశారు," అన్నారావిడ. పళ్లు లేని నోట్లో "స" నిలవలేదు. గార్డు చెవికి "ఊదేశారు" అని చేరింది.

"ఎక్కడ ఊదేశారు?"

"మా అల్లుడి ముందే. అంతా పాకడానికి కొంచెం టైం పడుతుందన్నారు."

గార్డు వాకీటాకీ అందుకున్నాడు. ఆ కబురు పై అంతస్తుకు ఎక్కేసరికి విషవాయువైంది. అల్లుడు తిరిగొచ్చేసరికి ఆఫీసంతా పచ్చికలో నిలబడి ఉంది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కమిటీ అధ్యక్షురాలు ఎదురొచ్చింది.

"మీ పట్టికలు చూద్దామని వస్తే, మీ గ్యాసు పీల్చాల్సొచ్చిందేంటండీ?"

ఈలోగా భద్రతాధికారి చేతి యంత్రాన్ని అత్తగారి వైపు పట్టాడు. "టెక్నీషియం సార్. స్కాన్ మందు," అన్నాడు.

"ఇంత ఠక్కున దానికెలా తెలిసింది?" అంది అధ్యక్షురాలు.

"కిరణాలను మా అంకెలతో పోల్చుకుంటుందండీ," అన్నాడు అల్లుడు నీరసంగా.

"ఆవిడకి ఎంత మందు ఎక్కించాలన్నది?"

"అదీ ఆ అంకెలతోనే. అదిగో, ఆ రియాక్టర్ గోడ ఎంత మందముండాలన్నదీ వాటితోనే."

"మరి ఈ గేటు ఎప్పటికి నోరు మూస్తుంది?"

"ఆరు గంటలకోసారి మందు సగమవుతుందండీ. రెండు మూడు రోజులు ఆగాలి."

అత్తగారు పళ్లు పెట్టుకున్నారు. "పెళ్లయినప్పట్నుంచీ మీ ఉద్యోగమేంటని అడుగుతూనే ఉన్నాను బాబూ. ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేదు."

అధ్యక్షురాలు రుమాలు దించి నవ్వేసింది. ఇక లోపలికి వెళ్లి స్లైడ్లు చూడాల్సిన పని లేదని, విభాగం ఉంటుందని అక్కడే చెప్పేసింది.

మరుసటి ఏడాది సమీక్షకు ఆహ్వానం అత్తగారి పేర వచ్చింది. అల్లుడు కారు నడపడానికి రావచ్చని కింద రాశారు.